ఐసేయా షెడ్డులో నీలం జత

రోజూ మూడున్నర అయ్యేసరికి ఫతాయి నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, కుట్టుమిషన్ మీద పాత దుప్పటి కప్పి, ఐసేయా షెడ్డుకి బయలుదేరేది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. కూర్చుంటే లేచే పని లేదు. అలా కూర్చుని కూర్చుని నలభై ఆరేళ్ళకి మోకాళ్ళూ పాడయ్యాయి, రక్తంలో చక్కెరా పెరిగింది. కొత్త సంవత్సరం వెళ్ళిన వారానికి ఆసుపత్రిలో నర్సు చీటీ చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇలాగే కూర్చుంటే వచ్చే ఏడు కాలు తీసేస్తాం. నడువు. బరువులెత్తు."

"బరువులెత్తడానికీ డబ్బులు కావాలమ్మా. తేరగా ఎత్తించేది మా అత్తగారొక్కతే. ఆవిడా పోయింది."

నర్సు నవ్వలేదు. "ఐసేయా షెడ్డుకి పో. చవక," అంది.

మా నుకువలోఫా పట్నంలో జిమ్ములకి కొదవ లేదు. సముద్రం ఒడ్డు హోటల్లో ఒకటుంది. చల్లటి గాలి, గోడంతా అద్దాలు, దిగుమతి ఇనుము. ఒకరు ఎత్తి దించగానే ఒక పిల్ల వచ్చి స్పిరిట్టు పెట్టి తుడుస్తుంది. దాని నెల ఫీజుతో ఫతాయి ఇంట్లో నెలకి సరిపడా పిండి, గ్యాసు, చర్చి కానుక వచ్చేస్తాయి. ఐసేయా షెడ్డు మౌఫాంగాలో, రేవు వెనక, ఒకప్పటి కొబ్బరి గోదాం. ఎండ పడితే ఇప్పటికీ గోడలు ముక్కిపోయిన కొబ్బరి వాసన కొడతాయి. పాలపొడి డబ్బాల్లో సిమెంటు పోసి, గొట్టానికి రెండు వైపులా బిగించిన బరువులు. లారీ ఇరుసు ఒకటి. లంగరు గొలుసులు రెండు. ఫీజు నెలకి ఇరవై పాంగాలు.

ఎందుకంత చవకో ఊళ్ళో అందరికీ తెలుసు. అక్కడి ఇనుము మనిషి బరువు పట్టుకుంటుంది. ఒంటి బరువు కాదు, లోపలిది. కూతురు ఇంటికి రావడం మానేసిందని ఒకడు, పాస్టరు గారితో మాట పడ్డానని ఒకడు, ఎండిపోతున్న దుంపల తోట తలుచుకుని ఒకడు — ఎత్తి, రొప్పి, దించి, తేలిగ్గా ఇంటికి పోతారు. ఆ బరువు ఇనుములో ఉండిపోతుంది. పెట్టినవాడే మళ్ళీ ఎత్తితే తరగదు. వేరే మనిషి ఎత్తాలి. ఆ మనిషి చెమటతో అది కరిగిపోతుంది. అందుకని మధ్యాహ్నం రెండింటికి, పొద్దుటివాళ్ళు వెళ్ళిపోయాక, ఐసేయా చేపలు తూచే కొక్కెం తక్కెడకి ఒక్కో బరువునీ తగిలించి, ఆ పూట ఎంతుందో డబ్బా మీద సుద్దతో రాస్తాడు. పది కిలోలది ఒకనాడు పన్నెండుంటుంది. ఊళ్ళో చావు జరిగిన వారమైతే పదహారు. ఎవరికి ఎంత కావాలో చూసుకుని ఎత్తుకోవడమే. ఎవరు పెట్టారని అడగడం మాత్రం మర్యాద కాదు.

ఆ ఇరవై పాంగాలైనా ఫతాయికి ఒక్కసారే తీయడం కష్టమే. దారి తమ్ముడే చూపించాడు. లొపేతి ఆమెకన్నా మూడేళ్ళు చిన్న. రేవు గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసుకుంటాడు. ఒక తల్లి పిల్లలు, ఇద్దరికీ అదే చక్కెర. తమ్ముడు చూపించాడన్నానే గాని, అతను నోరు తెరిచి అక్కతో చెప్పలేదు. చెప్పడు కూడా. మా దగ్గర ఎదిగిన అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో కూర్చోరు. ఒంటి సంగతులు ఒకరి ముందు ఒకరు ఎత్తరు. అక్క అంటే ఇంటికి పెద్ద. తమ్ముడు ఆమె ముందు తల వంచుకుని పక్కనించి పోవాలి. కాబట్టి కబురు మరదలు మిలికా తెచ్చింది.

"వదినా, కార్డు ఒకటే కొందామంటున్నాడు మీ తమ్ముడు. పొద్దున్న ఆయన, సాయంత్రం నువ్వు. పది మేమిస్తాం, పది నువ్వియ్యి."

"వాడే అన్నాడా ఆ మాట?"

"ఆఁ. గోడ వైపు తిరిగి అన్నాడులే."

ఐసేయా కార్డు అటూ ఇటూ తిప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కుర్రతనంలో రగ్బీ ఆడి చెవులు రెండూ అప్పడాల్లా నలగ్గొట్టుకున్నాడు. "కార్డుకి ఒక మనిషి అని నేనే రాశాను. ఒక్కసారి ఒక్క మనిషేగా వచ్చేది. తలుపు బయట చెప్పులు చూసుకుని రండి, నాకు గొడవ వద్దు," అన్నాడు.

మొదటి రోజు ఫతాయి అవతారం చూసి షెడ్డంతా నవ్వింది. బూట్లు కొనలేక రబ్బరు చెప్పులకే వెనక ఎలాస్టిక్ కుట్టుకుంది. చిరిగిన దుప్పటి నాలుగు ముక్కలు చేసి తువ్వాళ్ళు. లంగా కింద మొగుడి పాత రగ్బీ లాగు. జామ్ సీసాలో నీళ్ళు.

"ఏమ్మా ఫతాయీ, పొట్ట ముందొచ్చింది, నువ్వు వెనకెక్కడైనా వస్తున్నావా?" అన్నాడు ఐసేయా.

"నవ్వు బాబాయ్, నవ్వు. ఆర్నెల్లు పోయాక నిన్ను భుజానేసుకుని రేవుదాకా పోతాను."

"అంతవరకు ఈ నీలం జత మోయి. చంటిపిల్లల్లాంటివి. ఐదేసి కిలోలు."

నీలం రంగు పూసిన చిన్న డబ్బాల జత అది. మగాళ్ళెవరూ దాన్ని తాకరు, పరువు పోతుందని. పొద్దున్న లొపేతి ఒక్కడే ఎత్తేవాడు. అతని ఎడమ భుజం ఎనిమిదేళ్ళుగా పైకి లేవదు. దాని కథ తరవాత చెప్తాను.

రోజూ ఆమె వచ్చేసరికి నీలం జత మీద ఏడో, ఏడున్నరో రాసి ఉండేది. తిట్టుకుంటూ ఎత్తేది. ముప్ఫై సార్లు ఎత్తి దించేసరికి చేతుల్లో అది తేలికవడం తెలిసేది. వెళ్ళేటప్పుడు ఐసేయా తూస్తే ఒక్కోటీ ఐదుంపావు. "నీ చెయ్యి మంచిదమ్మా, బరువు నిలవట్లేదు," అనేవాడు. నెల తిరక్కుండా బస్సు మెట్టు ఊతం లేకుండా ఎక్కింది. మూడో నెలలో నర్సు చీటీ చూసి కళ్ళజోడు తీయలేదు. ఏప్రిల్లో ఒక ఆదివారం చర్చిలో, ఆడవాళ్ళ వరసలో కూర్చుని పాడుతుంటే, వెనక మగాళ్ళ గొంతుల్లోంచి ఒక లోతైన గొంతు లేచింది. ఫతాయి పాట ఆపేసింది. లొపేతి గొంతు అది. ఎనిమిదేళ్ళుగా చర్చిలో పెదవులు కదపడమే గాని పాడి ఎరగడు. ఏమైందో ఏమిటో, దేవుడి దయ అనుకుంది. ఇంటికొచ్చి చేమాకుల కూర రెండోసారి వడ్డించుకుంది, ఆ సంతోషంలో.

ఎంత దగ్గర్లో ఉందో కారణం! తన అరచేతుల్లోనే ఉంది. ఆమెకి తట్టలేదు.

ఇప్పుడు ఆ భుజం కథ. ఎనిమిదేళ్ళ కిందట ఫతాయి మొగుడు పెనిసిమానీ, లొపేతీ చేపలకి వెళ్ళారు. పగడపు దిబ్బ దాటాక ఇంజను ఆగింది. రెండో పెట్రోలు డబ్బా తీస్తే ఖాళీ. నింపుకురావాల్సింది లొపేతి. మర్చిపోయాడు. అంతే, పాపం, మర్చిపోయాడు. పడవ లోతుకి కొట్టుకుపోతుంటే పెనిసిమాని నడుముకి తాడు కట్టుకుని దిబ్బ వైపు ఈదాడు. తాడు రెండో కొస లొపేతి చేతిలో. అల ఒకటి లాగిన లాగుడికి భుజం ఊడింది, తాడు జారింది. మర్నాడు పడవ దొరికింది. పెనిసిమాని మూడో నాడు దొరికాడు.

కర్మ జరిగిన ఐదు రోజులూ లొపేతి పెరట్లో గోతిపొయ్యి దగ్గరే నిలబడి, ఒంటిచేత్తో దుంపలు కాల్చి వచ్చినవాళ్ళకి పెట్టాడు. ఇంట్లోకి రాలేదు. ఫతాయి అతని వైపు చూడలేదు. ఊరు దీన్నంతా మర్యాద అనుకుంది. సగం మర్యాదే. మిగతా సగం కోపం. ఏడాది పాటు ఆమె కడుపులో అది మండింది. ఆ తరవాత, వర్షాకాలంలో ఒకనాడు చొక్కాకి కాజాలు కుడుతూ చూసుకుంటే, లేదు. పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. పోయిందని తమ్ముడికి మాత్రం చెప్పలేదు. ఎలా చెప్తుంది, ఎదురుపడితే కదా! ఆమె మౌనంగా తప్పుకుపోతే అతను ఇంకా కోపమే అనుకున్నాడు. అతను తల వంచుకుని పోతే ఆమె మర్యాదే అనుకుంది. వేరే దేశంలో అయితే ఈ అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చెడామడా తిట్టుకుని, ఏడ్చి, ఆ సాయంత్రానికి కలిసి అన్నం తినేవాళ్ళేమో. మా దగ్గర ఇద్దరూ మంచివాళ్ళు కావడంతో ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

జులై ఆఖర్న పెనిసిమాని పోయిన రోజు వచ్చింది. సమాధి మీద తెల్ల ఇసుక పోసి, పూలు పెట్టి, ఆ మర్నాడు ఫతాయి షెడ్డుకి వెళ్ళింది. నీలం జత మీద 11 అని ఉంది. "ఎవడో గాని బాగా దింపుకుపోయాడు," అని గొణుక్కుంటూ ఎత్తింది. నాలుగోసారి ఎత్తేసరికి గొట్టం తడిగా తగిలింది. అరచెయ్యి వాసన చూసుకుంది. పెట్రోలు. నాలుకకి ఆనించింది. ఉప్పు.

జత ధడేల్మని కింద పడింది. "ఏమైందమ్మా?" అంటూ ఐసేయా పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, ఇది మా తమ్ముడిది."

"నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పలేదు. నేను అడగనూలేదు."

ఐసేయా జతని కాలితో గోడ వైపు దొర్లించాడు. "తెలిసింది కాబట్టి అంటున్నా. ఆర్నెల్లుగా వాడిది నువ్వే కరిగిస్తున్నావు. వాడు మనుషుల్లో పడ్డాడు. చూడట్లేదా? ఏడుపెందుకు, మంచి పనేగా."

"మంచి పనా? నా మొగుణ్ణి నీళ్ళలో వదిలొచ్చి, ఆ బరువు కూడా నా చేతే మోయిస్తాడా? నేను మోయను. ఇంకెవరి చేతనైనా మోయించుకోమను."

ఆ మాట అన్నది ఫతాయే. ఆ తరవాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కుందో లెక్కలేదు గాని, అన్నది మాత్రం ఆమే. చచ్చిన కోపం ఒక్క పెట్రోలు చుక్కకి లేచి కూర్చుంది.

ఆ రోజు నుంచి నీలం జత ముట్టలేదు. లంగరు గొలుసు లాగేది, పెట్టె మీదికి ఎక్కి దిగేది. గోడ పక్కన నీలం డబ్బాల మీద సుద్ద అంకెలు మాత్రం చూడకుండా ఉండలేకపోయేది. 12. 14. 17. లొపేతి పొద్దున్నే వచ్చి తన బరువు తనే ఎత్తుకుంటున్నాడు. అలా ఎత్తితే తరగదు కదా, పైగా ఏ రోజుది ఆ రోజు చేరుతోంది. మిగతా మగాళ్ళకి ఐదు కిలోల డబ్బాల దగ్గర నిలబడితే నామర్దా. రెండో ఆదివారం చర్చిలో చెవులు రిక్కించింది. లోతు గొంతు లేదు. వెనక్కి తిరిగి చూడకూడదు గాని, చూసింది. లొపేతి పెదవులు కదుపుతున్నాడు. మొహం ఉబ్బి, మెడ మీద రాయి పెట్టినట్టు కిందికి వంగిపోయి ఉన్నాడు.

ఆ వంగిన మెడ చూశాక, లేచి కూర్చున్న కోపం మళ్ళీ చచ్చింది. వీడికి చెప్పాలి, అనుకుంది. ఎదురుగా కాకపోతే గోడ చాటునుంచైనా చెప్పాలి. కోపం లేదురా అని రెండు ముక్కలు. ఎంతసేపు పడుతుంది?

బుధవారం మిలికా వచ్చింది. "ఈ వారం పెద్ద ఓడొచ్చింది వదినా, పొద్దున్న ఆయనకి కుదరట్లేదు. రేపు మూడింటికి పోతాడట షెడ్డుకి. నిన్ను నాలుగున్నర దాటాక రమ్మన్నాడు." గుమ్మంలో ఆగి, "రాత్రుళ్ళు కూర్చునే ఉంటున్నాడు వదినా. పడుకుంటే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుందట," అంది.

"అలాగా," అంది ఫతాయి. 

గురువారం మూడున్నరకే బయలుదేరింది. కావాలనే. ఆ టైములో ఐసేయా కూడా ఉండడు, గురువారాలు సాయంత్రంవాళ్ళనీ వెంటేసుకుని చర్చి పాటల సాధనకి పోతాడు. తమ్ముడొక్కడే ఉంటాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. "తమ్ముడూ, నేనురా." కాదు, మరీ చనువు. "లొపేతీ, లోపలికి రాను. అక్కణ్ణించే విను." ఆఁ, ఇది బావుంది.

తలుపు దగ్గర చెప్పులున్నాయి. పెద్దవి, ఎడమదాని మడమ అరిగినవి. తలుపు దగ్గరగా వేసుంది; గొళ్ళెం కూడా కాదు, తాడు ముడి ఒకటి మేకుకి తగిలించి ఉంటుంది, లోపలి నుంచైనా బయటి నుంచైనా వేలు పెట్టి లాగితే వచ్చేస్తుంది. ఫతాయి నిలబడింది. గొంతు సవరించుకుంది. లోపల ఇనుము చప్పుడు లేదు. రొప్పు లేదు. అలిసి కూర్చున్నాడేమో అనుకుంది. ప్రార్థన చేసుకుంటున్నాడేమో అనుకుంది. చెయ్యి మేకు దాకా వెళ్ళింది. లోపల తమ్ముడు చొక్కా లేకుండా చెమటతో ఉంటాడు. తను అక్క. గోడ చాటునుంచి అనుకున్న మాట కూడా నోట్లోనే ఆగింది. ఆ మాటకి అతను ఏడిస్తే? తను ఏడిస్తే? దారిన పోయేవాళ్ళు వింటే?

చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎదుటి చీనావాళ్ళ కొట్టుకి వెళ్ళి, నర్సు తినొద్దన్న బిస్కెట్ల పొట్లం ఒకటి కొని, అరుగు మీద కూర్చుని తింది. అతను బయటికొస్తే, దూరం నుంచే ఏదో ఒకటి అందామని. నాలుగయింది. నాలుగుంపావు. చెప్పులు అలాగే ఉన్నాయి. నాలుగున్నరకి కూడా అలాగే ఉన్నాయి. తమ్ముడు లోపలుంటే అక్క వెళ్ళదు. అంత మంచి అక్క కాబట్టి, లేచి, బిస్కెట్ల నూక లంగా మీంచి దులుపుకుని ఇంటికి పోయింది.

ఐదింటికి పాటల సాధన ముగించుకుని ఐసేయా వచ్చాడు. లొపేతి నేల మీద పడి ఉన్నాడు. కుడిచెయ్యి నీలం డబ్బా కింద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూస్తున్నాడు, మాట లేదు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు మిలికాకి చెప్తుంటే ఫతాయి నడవాలో నిలబడి వింది. మెదడులో రక్తం గడ్డ. ప్రాణానికి భయం లేదు. కుడివైపు పడిపోయింది, తిరిగి రావచ్చు. మాట మాత్రం రాదు. "ఒక గంట ముందు తెచ్చుంటే మాట మిగిలేదమ్మా. ఆయన పడింది మూడింటి తరవాతే."

ఒక గంట ముందు. ఒక గంట ముందు ఆమె చెయ్యి మేకు మీద ఉంది.

గదిలోంచి ఇద్దరు నర్సులు చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చారు. అందులో ఒకామె ఆ జనవరి నర్సే. లొపేతిని పక్కకి తిప్పాలంటే నలుగురు కావలసి వస్తోందట, మంచం కోళ్ళు వంగిపోయాయట. "మనిషి తొంభై కిలోలు లేడు. ఇదంతా లోపలిది," అంది ఆమె, మందుల లెక్క చెప్పినంత మామూలుగా. "ఐసేయా షెడ్డు మనిషేగా? ఇన్నాళ్ళూ ఎవరో ఈయన ఇనుము ఎత్తుతూ ఉండుంటారు. ఆపేసినట్టున్నారు."

ఫతాయి తన అరచేతులు చూసుకుంది.

ఆ సాయంత్రం మిలికాతో చెప్పేసింది. "నేను వెళ్ళాను మిలికా. వాడు పడిన రోజు. తలుపు దగ్గర నిలబడ్డాను. చప్పుడు లేదని తెలిసింది. ఎదురుగా కూర్చుని బిస్కెట్లు తిన్నాను."

మిలికా ఆమె పక్కన కూర్చుంది. "చెప్పులున్నాయిగా వదినా. అక్కవి. లోపలికెలా వెళ్తావు? ఎవరైనా అంతే చేసేవాళ్ళు."

తిట్టి ఉంటే బావుండేది. జుట్టు పట్టుకుని ఈడ్చి ఉంటే ఇంకా బావుండేది. ఎవరైనా అంతే చేసేవాళ్ళు అన్న ఆ మాట ఫతాయికి ఇప్పటికీ చెప్పులో రాయిలా గుచ్చుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే, అతని వేళకి, షెడ్డుకి వెళ్ళింది. నీలం జత మీద సుద్దతో 31 అని ఉంది.

"వద్దమ్మా," అన్నాడు ఐసేయా. "నడుం విరుగుతుంది. రేవు కుర్రాళ్ళని పిలుస్తాను. తలా పదిసార్లు ఎత్తి పారేస్తారు."

"ఎవరూ ముట్టద్దు బాబాయ్. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకు తెలుసు. పట్టుకోనీ."

మొదటి రోజు అది నేల వదల్లేదు. రెండో రోజూ వదల్లేదు. మూడో రోజు వేలెడెత్తు లేచింది. ఫతాయి అరిచిన అరుపుకి చీనా కొట్టామె పరిగెత్తుకొచ్చింది. చేతులకి పెట్రోలు వాసన, కళ్ళల్లో ఉప్పు. తాడు జారుతున్నప్పుడు అరచెయ్యి మండే మంట కూడా తెలిసింది. వాడు ఇదా మోసింది, ఎనిమిదేళ్ళు, అనుకుంటూ ఎత్తింది. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. యూనిఫారాలు ఆలస్యమయ్యాయి, బడి హెడ్‌మాస్టరు కబురు పంపాడు, పంపనీ అంది. ఆదివారం తప్ప ఒక్కరోజు మానలేదు. మా దేశంలో ఆదివారం ఇనుముక్కూడా సెలవే.

ముప్ఫై ఒకటి ఇరవై ఎనిమిదయిన రోజు మిలికా వచ్చి, బొటనవేలు కదిపాడంది. ఇరవై రెండుకి లేచి కూర్చున్నాడు. పదహారుకి ఇంటికి తెచ్చారు, మంచం కోళ్ళు వంగలేదు. క్రిస్మస్‌కి పదకొండు. అప్పటికి ఫతాయి చీటీలో చక్కెర ఎంతుందో నర్సు చదివి "భేష్" అంది. ఆమెకి అది వినపడలేదు. కర్ర పట్టుకుని లొపేతి గుమ్మం దాకా నడిచాడని విన్న రోజు మాత్రం, అతని కుడి చెప్పు తెప్పించుకుని, కాలు ఈడ్చినా జారకుండా వెనక ఎలాస్టిక్ కుట్టి పంపింది. మాట గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది ఇనుములో లేదు, ఎత్తి తేవడానికి.

మార్చిలో ఒక గురువారం. నాలుగింటికి వెళ్ళేసరికి తలుపు బయట చెప్పులున్నాయి. పెద్దవి. కుడిదానికి తను కుట్టిన ఎలాస్టిక్.

లోపల ఇనుము చప్పుడవుతోంది. నెమ్మదిగా, ఒంటిచేతి చప్పుడు. ఫతాయి తన చెప్పులు ఎటు పడ్డాయో చూసుకోకుండా విడిచి, వెనక్కి తిరిగిపోకుండా, మెట్టు మీద రేకు గోడకి వీపు ఆనించి కూర్చుంది.

"లొపేతీ," అంది. "లోపలికి రాను. అక్కణ్ణించే విను."

చప్పుడు ఆగింది.

"నీ మీద కోపం లేదురా. ఏడేళ్ళ కిందటే పోయింది. చెప్పడం మర్చిపోయాను. కాదు, అబద్ధం. మర్చిపోలేదు. చెప్పలేదంతే. నువ్వు పడ్డ రోజు కూడా చెబుదామనే వచ్చాను. ఇదిగో, ఇక్కడే నిలబడ్డాను. తలుపు తీయలేదు. నన్ను క్షమించరా తమ్ముడూ."

దారిన ఇద్దరు ముగ్గురు పోతున్నారు. వింటే విననీ. జవాబు కోసం ఫతాయి చాలాసేపు ఎదురుచూసింది. తరవాత గుర్తొచ్చింది, జవాబు రాదని.

లోపల ఇనుము నేల మీద ఆనింది. మెల్లగా, చప్పుడు కాకుండా ఎవరో పసిపిల్లని పడుకోబెట్టినట్టు. తలుపు తెరుచుకుంది. లొపేతి కర్ర ఊతంతో బయటికొచ్చాడు, తల వంచుకునే ఉన్నాడు. ఫతాయి కూడా అటు చూడలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. వెళ్ళబోయి ఆగాడు. కర్రని గోడకి ఆనించి, కష్టం మీద వంగి, చెల్లాచెదురుగా పడి ఉన్న అక్క చెప్పులు ఒక్కొక్కటీ తీసి, జతగా, ఆమె తొడుక్కోవడానికి వీలుగా పెట్టాడు. అప్పుడు కర్ర తీసుకుని రేవు వైపు నడిచిపోయాడు.

ఫతాయి లోపలికి వెళ్ళింది. ఐసేయా పాటల సాధనకి పోయాడు, తక్కెడ కొక్కేనికి వేలాడుతోంది. నీలం జతలో ఒక్కొక్కటీ తనే తగిలించి చూసింది. ఐదు. నలక ఎక్కువ లేదు, తక్కువ లేదు. సుద్ద తీసి డబ్బా మీద 5 అని రాసింది. చేత్తో ఎత్తితే ఇన్నాళ్ళ అలవాటుకి చెయ్యి భుజం దాటి పైకి పోయింది. వాసన చూసింది, ఏమీ లేదు, వట్టి ఇనుము వాసన.

జత దించి, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. తాడు ముడి మేకుకి తగిలించింది. వేలితో ఒకసారి లాగింది. ఊడి వచ్చింది. మళ్ళీ తగిలించి, మళ్ళీ లాగింది. ఐదు కిలోలు కాదు కదా, ఆ తలుపు తీయడానికి ఒక గుండుసూది ఎత్తినంత బలం చాలు.